సొంత ల్యాప్‌టాప్ మీద కెర్నెల్ ల్యాబు: క్యూఎము ఎంతవరకు పనికొస్తుంది?

కాకినాడ నుంచి భీమవరం దాకా మన వైపు ఇంజినీరింగ్ కాలేజీల ఓఎస్ ల్యాబులో సాధారణంగా చేయించేది ఎఫ్‌సీఎఫ్‌ఎస్, రౌండ్ రాబిన్, బ్యాంకర్స్ అల్గారిథం వగైరాలను సీలో రాయించడం. రికార్డు నిండుతుంది, మార్కులు పడతాయి. కానీ అందులో ఒక్క లైను కూడా ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ లోపల నడవదు. అసలు కెర్నెల్ జోలికి వెళ్లాలంటే మాడ్యూల్ (నడుస్తున్న కెర్నెల్‌కి తగిలించే కోడు ముక్క) రాసి లోడ్ చేయాలి, ఒక్క పాయింటర్ తప్పితే మిషను మొత్తం బిగుసుకుపోతుంది. ఇంట్లో ఉండేదేమో ఒకే ల్యాప్‌టాప్, ప్రాజెక్టు రిపోర్టూ అందులోనే, చెల్లెలి ఆన్‌లైన్ క్లాసులూ అందులోనే. దాని మీద ఈ ప్రయోగాలు చేయాలంటే ఎవరికైనా చెయ్యి ఆడదు. ల్యాప్‌టాప్ లోపలే ఇంకో ఉత్తుత్తి మిషన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ క్యూఎము. ఈ ఇబ్బందికి అది ఎంతవరకు మందో చెప్పడానికే ఈ రివ్యూ.

క్యూఎముని ఫాబ్రిస్ బెలార్డ్ 2003లో మొదలుపెట్టాడు. పూర్తిగా ఉచితం, ఉబుంటులోనో డెబియన్‌లోనో ఆప్ట్‌తో దిగిపోతుంది. నేర్చుకునేవాళ్లకి దీని గొప్పంతా ఒక్క ఆప్షన్‌లో ఉంది: ‘హైఫన్ కెర్నెల్’. మనం కంపైల్ చేసిన బీజెడ్‌ఇమేజ్ ఫైలు పేరు దాని పక్కన ఇస్తే బూట్‌లోడర్ గొడవ లేకుండా, ఎక్కడా ఇన్‌స్టాల్ చేయకుండా ఆ కెర్నెలే నేరుగా లేస్తుంది. కెర్నెల్ ప్యానిక్ అయిందా, అంటే కోలుకోలేని తప్పుతో ఆగిపోయిందా, కంట్రోల్-ఏ నొక్కి వదిలి ఎక్స్ నొక్కండి, మీ టెర్మినల్ మీకు వచ్చేస్తుంది. మళ్లీ లేపితే కొద్ది సెకన్లలో షెల్ ప్రాంప్ట్. వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు మొత్తం వేసుకుని నేర్చుకునేవాళ్లు ప్రతి తప్పుకీ ఒక పూర్తి రీబూట్ భరించాలి. రోజుకి గంటో రెండు గంటలో దొరికేవాళ్లకి ఈ తేడా చాలా పెద్దది.

అయితే ఆ వేగం కేవీఎం పుణ్యం. ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయాన్ని వాడుకునే ఈ భాగం 2007లో 2.6.20తో లైనక్స్ కెర్నెల్‌లోకి వచ్చింది. అది లేకపోతే క్యూఎము ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నీ సాఫ్ట్‌వేర్‌లో అనువదించుకుంటూ నడుస్తుంది, బూటింగ్ ఈడుస్తుంది. కేవీఎం మాడ్యూల్‌ని అందుకోలేకపోయానని క్యూఎము మొరాయిస్తే ఆ మెసేజీ చివర చూడండి. ‘పర్మిషన్ డినైడ్’ అని ఉంటే మీ యూజర్‌ని కేవీఎం గ్రూపులో చేర్చి ఒకసారి లాగౌట్ అయి రండి. ‘నో సచ్ ఫైల్’ అని ఉంటే చాలావరకు బయోస్‌లో వీటీ-ఎక్స్, ఏఎమ్‌డీ అయితే ఎస్‌వీఎం, ఆఫ్‌లో ఉన్నట్టే. రాజమండ్రిలోనో కాకినాడలోనో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనబోతుంటే ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకెళ్లి, షాపులోనే బూట్ చేసి, డెవ్ డైరెక్టరీలో కేవీఎం అనే ఫైలు కనిపిస్తోందో లేదో చూసుకోండి. లేకపోతే బయోస్‌లో ఆన్ చేసి మళ్లీ చూడండి. బయోస్ పాస్‌వర్డ్ తెలియని పాత కంపెనీ మిషన్లు షాపుల్లో చాలానే తిరుగుతుంటాయి, అవి మాత్రం వద్దు.

మిగతా సరంజామా పెద్దదేం కాదు. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, అందులో 25 నుంచి 30 జీబీ ఖాళీ చాలు. కెర్నెల్ సోర్సు టార్‌బాల్ సుమారు 150 ఎంబీ, విప్పితే జీబీన్నర పైచిలుకు. రోజుకి జీబీన్నర మొబైల్ డేటాతో బతికేవాళ్లు గిట్ రిపాజిటరీ మొత్తం క్లోన్ చేయబోతే సగంలో డేటా అయిపోతుంది. టార్‌బాల్ దించుకోండి, లేదా డెప్త్ 1 పెట్టి క్లోన్ చేయండి. కొత్తవాళ్లకి వెర్షన్ 6.12 మంచిది: 2024 నవంబరులో వచ్చింది, దీర్ఘకాలం మరమ్మతులు అందే ఎల్‌టీఎస్.

విండోస్ లోపలే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్2 వాడేవాళ్లు సోర్సుని సీ డ్రైవ్ మీద విప్పకూడదు. కెర్నెల్ సోర్సులో చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు తప్ప ఇంకే తేడా లేని ఫైలు పేర్లు ఉన్నాయి, నెట్‌ఫిల్టర్ హెడర్లే అందుకు సాక్ష్యం. విండోస్ ఆ రెంటినీ ఒకటే అనుకుని ఒకదాని మీద ఒకటి రాసేస్తుంది. తర్వాత వచ్చే కంపైల్ ఎర్రర్‌కీ ఈ కారణానికీ పైకి ఏ సంబంధమూ కనిపించదు. లైనక్స్ హోమ్ డైరెక్టరీలోనే విప్పండి.

కొత్తవాళ్లు ముందుగా బోల్తా పడేది కాన్ఫిగ్ (కెర్నెల్‌లో ఏయే భాగాలు ఉండాలో చెప్పే ఫైలు) దగ్గర. ఉబుంటు బూట్ డైరెక్టరీలోని కాన్ఫిగ్ ఫైలు కాపీ చేసి ‘మేక్’ కొడతారు. అది ప్రపంచంలో ఉన్న హార్డ్‌వేర్ అంతటికీ సరిపడేలా చేసిన కాన్ఫిగ్, వేల మాడ్యూళ్లు కంపైల్ అవుతాయి, డీబగ్ సమాచారంతో కలిపి డిస్కు పదుల జీబీలు తింటుంది. దానికంటే ముందే డెబియన్ డైరెక్టరీలోని కనానికల్ సర్టిఫికెట్ ఫైలు తయారు చేసే రూలు లేదని ఆగిపోతుంది కూడా. ఆ ఎర్రర్‌కి మందు సిస్టమ్ ట్రస్టెడ్ కీస్, సిస్టమ్ రివొకేషన్ కీస్ రెండు విలువల్నీ ఖాళీ చేయడం. అసలు ఆ దారే వద్దు. ‘మేక్ డెఫ్‌కాన్ఫిగ్’, దాని వెనకే ‘మేక్ కేవీఎం_గెస్ట్ డాట్ కాన్ఫిగ్’, ఈ రెండూ కొట్టాక కంపైల్ మొదలుపెట్టండి. ఫ్లెక్స్, బైసన్, బీసీ, లిబ్ఎల్ఫ్, లిబ్ఎస్ఎస్ఎల్ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు ముందే వేసుకుంటే మధ్యలో ఆగదు. పాత రెండు కోర్ల ఐ5 మీద అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. మే నెల ఉక్కలో ల్యాప్‌టాప్ వేడెక్కి స్పీడు తగ్గించుకుంటే ఇంకాస్త. తర్వాత ఒక ఫైలు మార్చి మళ్లీ కంపైల్ చేస్తే ఆ మేరకే కట్టుకుంటుంది కాబట్టి పెద్ద నిరీక్షణ ఆ మొదటిసారే.

కెర్నెల్ లేచాక నడపడానికి, మెమరీలోనే విప్పుకునే తొలి ఫైళ్ల మూట, అంటే ఒక చిన్న ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్ కావాలి. మామూలు లైనక్స్ కమాండ్లు చాలావాటిని ఒకే ప్రోగ్రాములో ఇచ్చే బిజీబాక్స్ సోర్సు తెచ్చి కట్టుకోమని చాలామంది చెబుతారు. 1.36 వెర్షన్ అయితే కొత్త హెడర్లతో టీసీ అనే ఆప్లెట్ దగ్గర సీబీక్యూ పేర్లు దొరకడం లేదని ఆగుతుంది, దాన్ని ఆఫ్ చేసుకోవాలి. డెబియన్, ఉబుంటుల్లో ‘బిజీబాక్స్-స్టాటిక్’ రెడీగా దొరుకుతుంటే ఈ తలనొప్పి ఎందుకండీ? బిన్ డైరెక్టరీలో బిజీబాక్స్, దానికి లింకులు, పైన ‘ఇనిట్’ అనే స్క్రిప్టు. ఆ స్క్రిప్టులో ప్రాక్, సిస్ఎఫ్ఎస్, డెవ్‌టీఎంపీఎఫ్ఎస్ మౌంట్ చేసి చివర షెల్‌ని ఎగ్జెక్ చేయాలి. అంతా సీపీఐఓతో మూట కట్టి జీజిప్ చేయాలి. ఫార్మాట్‌గా ‘న్యూసీ’ ఇవ్వడం మర్చిపోతే కెర్నెల్ ఆ మూట విప్పలేదు.

ఈ దశలో వచ్చే ప్యానిక్‌లు అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ ఒక్కోటి ఒక్కో మాట చెబుతుంది. రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ చేయలేకపోయాను, అన్‌నోన్ బ్లాక్ (0,0) అంటే మీ ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్ విప్పుకోలేదు, లేదా అందులో పైస్థాయిలో ఇనిట్ ఫైలే లేదు. ఇనిట్‌ని నడపలేకపోయాను, ఎర్రర్ మైనస్ 13 అంటే సీహెచ్‌మాడ్ మరిచారు. మైనస్ 2 అయితే ఫైలు ఉండి కూడా దానికి కావాల్సిన షెల్లో, డైనమిక్ లింకరో లేదు, చాలాసార్లు స్టాటిక్ కాని బిజీబాక్స్ పెట్టడమే కారణం. ‘అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్’ అంటే అన్నీ బాగానే జరిగి మీ స్క్రిప్టు ముగిసిపోయింది, చివర ఎగ్జెక్ లేదు. అసలు తెర మీద ఏమీ రాకపోతే కెర్నెల్ చచ్చిందని కంగారు పడకండి, కన్సోల్‌గా సీరియల్ పోర్టు టీటీవైఎస్0 ఇవ్వలేదంతే.

మాడ్యూళ్ల దగ్గరకొస్తే క్యూఎము సౌకర్యం పూర్తిగా తెలుస్తుంది. ఒకటి గుర్తుంచుకోవాలి: మాడ్యూల్‌ని మీరు కట్టుకున్న కెర్నెల్ సోర్సు మీదే కంపైల్ చేయాలి. అలవాటు కొద్దీ ల్యాప్‌టాప్ సొంత కెర్నెల్ హెడర్ల మీద కంపైల్ చేసి క్యూఎములో ఇన్స్‌మాడ్‌తో లోడ్ చేస్తే ‘ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్’ అంటుంది. కెర్నెల్ మెసేజీలు చూపే డీమెసెగ్ కొట్టి చూస్తే వెర్షన్ మ్యాజిక్ ఏది ఉంది, ఏది ఉండాలి అని రెండూ పక్కపక్కన రాసి ఉంటాయి. ప్రతిసారీ మూట మళ్లీ కట్టకుండా ఉండాలంటే 9పీ షేర్ పెట్టుకోండి, మీ ఫోల్డర్ గెస్ట్ (క్యూఎములో నడిచే మిషను) లోపల నేరుగా మౌంట్ అవుతుంది. దానికి కాన్ఫిగ్‌లో 9పీ ఎఫ్ఎస్, నెట్ 9పీ, నెట్ 9పీ వర్టియో మూడూ ‘వై’ అయి ఉండాలి.

తొలి వారంలోనే కావాలని ఒక నల్ పాయింటర్‌ని ఇనిట్ ఫంక్షన్‌లో తాకి చూడండి. ఇన్స్‌మాడ్ ‘కిల్డ్’ అని ఆగుతుంది. లిస్టులో మాడ్యూల్ కనిపిస్తుంది, ఆర్ఎంమాడ్‌తో తీసేయబోతే బిజీ అంటుంది, ఇక రీబూటే గతి. కెర్నెల్ లోపల తప్పు జరిగినప్పుడు వచ్చే ఊప్స్ మెసేజీలో ఆర్ఐపీ అనే లైను చదవడం అక్కడే నేర్చుకోవాలి: ఫంక్షన్ పేరు, ప్లస్ తర్వాత ఎన్నో బైటు దగ్గర పడింది, స్లాష్ తర్వాత ఆ ఫంక్షన్ మొత్తం ఎంత, బ్రాకెట్‌లో ఏ మాడ్యూలు. ఆ పేరూ ఆఫ్‌సెట్టూ జీడీబీ అనే డీబగ్గర్‌కి ఇస్తే సోర్సులో లైను నంబరు చెప్పేస్తుంది, మాడ్యూల్ డీబగ్ సమాచారంతో కంపైల్ అయి ఉంటే. ఇదే పని ల్యాప్‌టాప్ సొంత కెర్నెల్ మీద చేస్తే రిపోర్టు సేవ్ చేసుకునే టైము కూడా ఇస్తుందన్న భరోసా లేదు. పైగా సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ని ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అని గుమ్మంలోనే ఆపేస్తుంది. క్యూఎములో ఆ బెడద లేదు.

ఇప్పుడు ఫైల్ సిస్టమ్. మన వైపు నేర్చుకునేవాళ్లకి దీని మీద ఒక సహజమైన ఆసక్తి ఉండాలి, ఎందుకంటే కోనసీమలో గాలివాన లేస్తే ముందు పోయేది కరెంటు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో అప్పుడే రాసిన ఫైలు తెరిస్తే సున్నా బైట్లు. ఎందుకలా జరుగుతుందో క్యూఎములో కళ్ల ముందు చూడొచ్చు.

64 ఎంబీ ఖాళీ ఫైలు చేసి, దాని మీద లైనక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 వేయడానికి ఎంకేఎఫ్ఎస్ ఈఎక్స్‌టీ4 కొట్టండి. మౌంట్ చేయకముందే ఎక్స్ఎక్స్‌డీతో 1080వ బైటు దగ్గర రెండు బైట్లు చదివితే 53, ఈఎఫ్ అని కనిపిస్తాయి. ఫైల్ సిస్టమ్ మొత్తం వివరాలుండే సూపర్‌బ్లాక్ 1024వ బైటు నుంచి మొదలవుతుంది, అందులో 56 బైట్లు దాటాక మ్యాజిక్ నంబరు ఉంటుంది, లిటిల్ ఎండియన్ కాబట్టి తిరగబడి కనిపిస్తుంది. డంప్ఈ2ఎఫ్ఎస్ కొడితే ఇంత చిన్న డిస్కుకి బ్లాక్ సైజు ఎంత ఎంచుకుందో తెలుస్తుంది. డీబగ్ఎఫ్ఎస్‌లో 2వ ఐనోడ్ (ఒక ఫైలు వివరాలుండే రికార్డు) రూట్ డైరెక్టరీ, 8వది మార్పుల్ని ముందుగా రాసుకునే జర్నల్. ఈ అంకెల్ని చేత్తో వెతికి పట్టుకున్నవాళ్లకి ఐనోడ్ అంటే ఏమిటో ఇంకొకరు బొమ్మ గీసి చెప్పనక్కర్లేదు.

ఆ ఫైలుని వర్టియో డ్రైవ్‌గా ఇచ్చి గెస్ట్ లేపి, అక్కడ వీడీఏగా కనిపించే ఆ డిస్కుని మౌంట్ చేయండి. ఒక ఫైలు రాసి, మెమరీలోని రాతల్ని డిస్కుకి తోసే సింక్ కొట్టండి. రెండో ఫైలు ఎకోతో రాసి సింక్ కొట్టకుండా పది సెకన్లు ఆగి, ఇంకో టెర్మినల్ నుంచి క్యూఎముని కిల్ మైనస్ 9తో చంపండి. మళ్లీ లేపి మౌంట్ చేస్తే డీమెసెగ్‌లో ‘రికవరీ కంప్లీట్’ అని వస్తుంది. మొదటి ఫైలు భద్రం. రెండోదాని పేరుంది, లోపల ఏమీ లేదు. రాసిన రెండో సెకనులోనే చంపితే ఆ పేరు కూడా ఉండదు. నలభై సెకన్లు ఆగి చంపితే మొత్తం ఉంటుంది.

కారణం రెండు గడియారాలు. ఈఎక్స్‌టీ4 జర్నల్ మామూలుగా 5 సెకన్లకోసారి కమిట్ అవుతుంది, పేరూ ఐనోడూ ఆ జర్నల్‌లో పడతాయి. ఫైలు లోపలి సరుకు మాత్రం డిలేడ్ అలొకేషన్ వల్ల బ్లాకులు కూడా కేటాయించకుండా మెమరీలోనే ఉంటుంది, దాదాపు 30 సెకన్లు పాతబడ్డాక గానీ డిస్కుకి వెళ్లదు. ఈ రెంటి సందులో కరెంటు పోతే సున్నా బైట్ల ఫైలు. ‘నోడెలాలొక్’ ఆప్షన్‌తో మౌంట్ చేసి అదే పది సెకన్ల పరీక్ష మళ్లీ చేయండి, ఈసారి సరుకు కూడా ఉంటుంది, ఎందుకంటే ఆర్డర్డ్ మోడ్‌లో కమిట్‌కి ముందే ఆ డేటా డిస్కుకి వెళ్లాలి. డీడీతో ‘కాన్వ్=ఎఫ్‌సింక్’ ఇచ్చి రాస్తే ఏ ఆప్షనూ లేకుండానే నిలుస్తుంది. ముఖ్యమైన ఫైలుని మార్చే ప్రోగ్రాములు కొత్త పేరుతో రాసి, ఎఫ్‌సింక్ చేసి, ఆ తర్వాతే రీనేమ్ ఎందుకు చేస్తాయో దీంతో అర్థమవుతుంది.

జర్నల్ పనితీరు రైస్ మిల్లు లెక్కల్లాంటిదే: ముందు చిట్టాలో రాసి, తర్వాత ఆవర్జాకి ఎక్కిస్తారు. చిట్టాలో పద్దు చివర కమిట్ బ్లాక్ పడిందా, మౌంట్ సమయంలో ఆ పద్దు మళ్లీ ఎక్కిస్తారు. పడకపోతే ఆ పద్దు మొత్తం కొట్టేస్తారు, సగం ఎక్కించడం ఉండదు. డీబగ్ఎఫ్ఎస్‌లో ‘లాగ్‌డంప్’ కొట్టి చంపిన డిస్కు చూస్తే ఈ డిస్క్రిప్టర్, కమిట్ బ్లాకులు వరసగా కనిపిస్తాయి. అయితే మళ్లీ మౌంట్ చేయకముందే చూడాలి.

ఈ పరీక్షకి ఒక హద్దు ఉంది. క్యూఎముని చంపడం గెస్ట్‌కి కరెంటు పోవడం లాంటిదే గానీ, అది అప్పటికే హోస్ట్‌కి, అంటే మీ ల్యాప్‌టాప్‌కి, ఇచ్చిన రాతలు హోస్ట్ మెమరీలో బతికే ఉంటాయి. అసలు డిస్కు తన క్యాష్‌లో ఉన్నదాన్ని పోగొట్టుకోవడం, వరస మార్చి రాయడం ఇక్కడ కనిపించవు. అవీ చూడాలంటే డివైస్ మ్యాపర్‌లోని డీఎం-లాగ్-రైట్స్ దాకా వెళ్లాలి, మొదటి నెలలో అక్కర్లేదు.

సొంతంగా ఫైల్ సిస్టమ్ మాడ్యూల్ రాయాలనుకునేవాళ్లు కెర్నెల్ సోర్సులోని ర్యామ్ఎఫ్ఎస్ ఐనోడ్ ఫైలుతో మొదలుపెట్టాలి. మూడొందల పైచిలుకు లైన్లే, సగం పని లిబ్ఎఫ్ఎస్‌లోని రెడీమేడ్ ఫంక్షన్లు చేసిపెడతాయి. దాన్ని పేరు మార్చి మాడ్యూల్‌గా తిరగరాసేటప్పుడు మూడు తప్పులు కావాలని చేసి చూడండి. ‘ఓనర్’ ఫీల్డులో దిస్_మాడ్యూల్ వదిలేస్తే, మౌంట్ అయి ఉండగానే ఆర్ఎంమాడ్ ఒప్పుకుంటుంది, ఆ తర్వాత ఆ డైరెక్టరీని ముట్టుకుంటే ఊప్స్. ఎగ్జిట్‌లో అన్‌రిజిస్టర్ మరిస్తే, మాడ్యూల్ పోయాక ప్రాక్‌లోని ఫైల్‌సిస్టమ్స్ లిస్టు చదవగానే కెర్నెల్ కూలుతుంది, ఎందుకంటే ఆ లిస్టులో మీ స్ట్రక్చర్ ఉన్న చోటు ఇప్పుడు ఎవరిదీ కాదు. 6.12లో కిల్_లిట్టర్_సూపర్ పెట్టాల్సిన చోట ఇంకోటి పెడితే అన్‌మౌంట్ సమయంలో ‘బిజీ ఐనోడ్స్ ఆఫ్టర్ అన్‌మౌంట్’ అని మందలిస్తుంది. ఈ మూడూ చూసినవాళ్లకి రెఫరెన్స్ కౌంట్ మీద వేరే లెక్చరు అవసరం ఉండదు.

జీడీబీతో కలిపి వాడటం క్యూఎము ఇంకో బలం. ‘హైఫన్ ఎస్’ చిన్నదీ పెద్దదీ రెండూ ఇస్తే 1234 పోర్టు మీద ఆగి ఎదురుచూస్తుంది. బూట్ లైనులో ‘నోకాస్లర్’ రాయకపోతే పెట్టిన బ్రేక్‌పాయింట్లు ఒక్కటీ తగలవు, కెర్నెల్ ప్రతిసారీ వేరే అడ్రసులో కూర్చుంటుంది. కేవీఎంతో నడుస్తుంటే మొదటి బ్రేక్‌పాయింట్‌కి హార్డ్‌వేర్‌దే పెట్టండి, అంటే హెచ్‌బ్రేక్. వేరియబుల్ అడిగితే ‘ఆప్టిమైజ్డ్ అవుట్’ అని తరచూ వస్తుంది. కెర్నెల్‌ని ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేసే వీలు లేదు కనుక దాంతో సర్దుకుపోవాల్సిందే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కమాండ్ లైను కొండవీటి చాంతాడంత అవుతుంది, షెల్ స్క్రిప్టులో పెట్టుకోకపోతే విసుగు ఖాయం. మామూలుగా ఒకే సీపీయూ ఇస్తుంది కాబట్టి లాకింగ్ తప్పులు చాలావరకు బయటపడవు. ‘ఎస్ఎంపీ 4’ ఇచ్చి, కాన్ఫిగ్‌లో ప్రూవ్ లాకింగ్, మెమరీ తప్పులు పట్టే కేఏశాన్ ఆన్ చేస్తేనే పట్టుబడతాయి, అప్పుడు గెస్ట్‌కి 512 ఎంబీ చాలదు, 2 జీబీ ఇవ్వండి. ఇక అసలు హార్డ్‌వేర్ డ్రైవర్లంటే దీన్ని నమ్ముకోవద్దు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీటి ఆక్సిజన్ కొలిచే సెన్సర్‌కి ఐ2సీ డ్రైవర్ రాయాలన్న ఆలోచన ఉంటే రాస్‌బెర్రీ పై లాంటి బోర్డు కొనక తప్పదు. దాని మీద ప్రతి ప్యానిక్‌కీ వైరు పీకి పెట్టాలి, అలా పీకడాలతో ఎస్‌డీ కార్డు పాడవడం మామూలే, కాబట్టి కార్డు ఇమేజ్ ఒకటి ముందే దాచుకోండి.

ఎమ్‌ఐటీ వాళ్లు 2006లో పాఠాల కోసం తయారు చేసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్‌వీ6 కూడా ఇదే క్యూఎము మీద నడుస్తుంది. లైనక్స్ సోర్సు చూసి బెదిరేవాళ్లు ముందు అది చదవొచ్చు, మొత్తం కొన్ని వేల లైన్లే. ఫైల్ సిస్టమ్ లాగ్ ఎలా పనిచేస్తుందో అందులో చాలా శుభ్రంగా ఉంటుంది. మాడ్యూళ్లు మాత్రం ఉండవు.

డబ్బు కట్టి కోచింగులో చేరాలనుకునేవాళ్లు డెమో క్లాసులో ఏ కెర్నెల్ వెర్షన్ మీద చెబుతున్నారో అడగండి. ప్రాక్ ఫైలు తయారు చేసేటప్పుడు ఫైల్_ఆపరేషన్స్ స్ట్రక్చర్ ఇస్తున్నారంటే ఆ మెటీరియల్ 2020 నాటి 5.6 కంటే పాతది, అప్పటి నుంచి అక్కడ ప్రాక్_ఆప్స్ ఇవ్వాలి. క్లాస్_క్రియేట్‌కి రెండు ఆర్గ్యుమెంట్లు ఇస్తే 6.4కి ముందుది. ఐనోడ్ ఆపరేషన్లలో క్రియేట్‌కి మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఎమ్‌ఎన్‌టీ_ఐడీమ్యాప్ లేకపోతే 6.3కి ముందుది. పాతదైనంత మాత్రాన పాఠం తప్పని కాదు, కానీ ఇంటికొచ్చి కంపైల్ చేస్తే ఒక్కటీ కట్టదు, ఎందుకు కట్టడం లేదో చెప్పేవాళ్లు అక్కడ ఉన్నారో లేదో ఫీజు కట్టకముందే తేల్చుకోండి.